నెలాఖరున తేలాల్సిన లెక్క పుస్తకాల సంఖ్య కాదు

నెల చివరికి వచ్చేసరికి చదువరులు చాలామంది చేసే మొదటి పని లెక్కపెట్టడం. ఈ నెల నాలుగు అయ్యాయి, పోయిన నెల ఆరు, అంటే చదువు తగ్గింది. నెల రోజుల చదువు ఆ ఒక్క మాటతో ముగిసిపోతుంది. ఇష్టం కొద్దీ చదివిన నెలను కొలవడానికి ఇంతకంటే పనికిరాని కొలత ఇంకొకటి లేదని నా గట్టి అభిప్రాయం. వెనక్కి తిరిగి చూసుకోవద్దని అనడం లేదు. తప్పకుండా చూసుకోవాలి, అందుకు ఓ గంట విడిగా పెట్టుకోవాలి కూడా. కానీ చూడాల్సినవి వేరు. ఏది గుర్తుండిపోయింది, ఏది ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది? ఈ మూడూ తెలిస్తే వచ్చే నెల ముందు ఏ పుస్తకం తీయాలో తెలుస్తుంది. ఎన్ని పూర్తయ్యాయో తెలిస్తే అది కూడా తెలియదు.

సంఖ్య సంగతి ముందు తేల్చేద్దాం. రోజుకు 25 నిమిషాలు చదివితే 30 రోజులకు 750 నిమిషాలు, అంటే పన్నెండున్నర గంటలు. పేజీకి నిమిషంన్నర పట్టేవాళ్లకు అది 500 పేజీలు. అందులో 250 పేజీల నవలలు రెండు పడతాయి. 100 పేజీల కథల పుస్తకాలైతే ఐదు. 900 పేజీల నవలైతే సగం దాటి కాస్త ముందుకు వెళతారు, అంతే. మూడు సందర్భాల్లోనూ కూర్చున్న సమయం ఒకటే, తిప్పిన పేజీలు అన్నే. లెక్కలో మాత్రం రెండు, ఐదు, సున్నా. ఆ సున్నా కళ్లబడ్డాక మరుసటి నెల చెయ్యి దానంతటదే సన్న పుస్తకాల వైపు పోతుంది. పెద్ద నవల అరలోనే ఉండిపోతుంది. చార్ల్స్ గుడ్‌హార్ట్ అనే ఆర్థికవేత్త 1975లో ద్రవ్య విధానం గురించి రాస్తూ, ఏ కొలతనైనా అదుపు చేసే సాధనంగా వాడటం మొదలుపెడితే అది నమ్మదగకుండా పోతుందని గమనించాడు. చదువు విషయంలో అది అక్షరాలా నిజమవుతుంది. పుస్తకాల సంఖ్య పెరుగుతుంది, ఆ సంఖ్య దేనికి గుర్తు కావాలో అది తగ్గుతుంది.

ఇది ఊహ మాత్రమే కాదు. జోర్డన్ ఎట్కిన్ అనే పరిశోధకురాలు 2016లో ప్రచురించిన పరిశోధనలో రంగులు వేయడం, నడవడం, చదవడం లాంటి పనులు చేసేవాళ్లను పరిశీలించారు. ఎంత చేశామో కొలుచుకుంటూ చేసినవాళ్లు ఎక్కువే చేశారు. కానీ ఆ పనిలో వాళ్లకు దక్కిన ఆనందం తగ్గింది, ఆ తర్వాత దాన్ని కొనసాగించాలన్న ఆసక్తి కూడా తగ్గింది. సరదా కోసం చేసే పని, దాని పక్కన కొలత చేరగానే, ఉద్యోగంలా అనిపించడం మొదలుపెడుతుంది. పరీక్షకు చదివేవాళ్లకు ఈ నష్టం పెద్దది కాదు, వాళ్లకు కావలసింది ఫలితం. ఇష్టంతో చదివేవాళ్లకు ఇష్టమే ఫలితం, అది పోతే ఇక మిగిలేదేమీ లేదు.

అయినా ఒక్కసారి మాత్రం గడియారం పెట్టుకోవాలి. తన వేగం ఎంతో తెలియనివాళ్లే నెలకు పది పుస్తకాలని తీర్మానించుకుని, మూడో వారంలో చేతులెత్తేస్తారు. నిమిషానికి ఇన్ని పదాలు అని చలామణీలో ఉన్న అంకెలు తెలుగుకు సరిపోవు. 2019లో మార్క్ బ్రిస్‌బార్ట్ అనే మనస్తత్వవేత్త అనేక అధ్యయనాలను కలిపి తేల్చిన సగటు, ఇంగ్లిషులో మౌనంగా చదివేటప్పుడు కాల్పనికేతర రచనకు నిమిషానికి 238 పదాలు, కాల్పనిక రచనకు 260. కానీ ‘చదవాలనుకుంటున్నానని’ అనేది మనకు ఒక్క పదం, ఇంగ్లిషులో దానికి నాలుగైదు కావాలి. అందుకని పదాలు వదిలేసి పేజీలు చూడండి. ఒక నవల, ఒక వ్యాస సంపుటి, ఒక అనువాదం తీసుకుని ఒక్కోటి 20 నిమిషాలు మామూలుగా చదివి, ఎన్ని పేజీలు సాగాయో రాసుకోండి. మూడింటికీ మధ్య తేడా చాలామందిని ఆశ్చర్యపరుస్తుంది. నవల 14 పేజీలు సాగిన సమయంలో వ్యాసాలు 7 పేజీలే కదలొచ్చు. ఆ అంకెలు తెలిశాక గడియారాన్ని పక్కన పెట్టేయండి. మళ్లీ దాని అవసరం రాదు.

నెలాఖరున చూసుకోవడానికి ఏదైనా ఉండాలంటే నెలంతా కొంచెం రాసుకుంటూ ఉండాలి. ఇందుకు నోటుపుస్తకం కంటే చీటీ మేలు. నోటుపుస్తకం ఎప్పుడూ పక్క గదిలోనే ఉంటుంది, చీటీ పుస్తకంలోనే ఉంటుంది. ఎ4 కాగితాన్ని పొడవు వైపు నాలుగు సమాన భాగాలుగా కోస్తే 21 సెంటీమీటర్ల పొడవు, దాదాపు 7.4 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న నాలుగు చీటీలు వస్తాయి. పేజీ గుర్తుగానూ అదే పనికొస్తుంది. కాగితం కాస్త మందంగా ఉండాలి, పల్చటిదైతే రెండో రోజుకే మడతలు పడి లోపలికి జారిపోతుంది.

చీటీ పైన రెండు సంగతులు రాయాలి. మొదలుపెట్టిన తేదీ, ఎందుకు తీశారో మూడు నాలుగు మాటల్లో. ‘స్నేహితుడు చెప్పాడు’, ‘అట్ట బాగుంది’, ‘చదవకపోతే తప్పేమో అనిపించింది’. ఈ రెండోది రాయడానికి బద్ధకం వేస్తుంది కానీ నెలాఖరున ఎక్కువ పనికొచ్చేది అదే. దాని కింద చదువుతూ ఉండగా ఆగాలనిపించిన చోట పేజీ సంఖ్య, పక్కన ఒకటి రెండు మాటలు. వాక్యం మొత్తం ఎత్తి రాయకండి. పూర్తి వాక్యాలు రాసుకునే అలవాటు నాలుగో రోజుకు బరువైపోతుంది, ఆ బరువు పుస్తకం మీదకు బదిలీ అవుతుంది. చీటీ వెనక వైపు మనుషుల పేర్లు, ఎవరికి ఎవరు ఏమవుతారో. పెద్ద నవలల్లో మొదటి 40 పేజీలు దాటించేది ఈ వెనక వైపే.

చీటీ బదులు వాడే వాటన్నిటిలోనూ ఏదో ఒక లోపం ఉంది. జిగురు చీటీలు కొన్నాళ్లకు పేజీ మీద జిగట వదులుతాయి, పాత కాగితమైతే తీసేటప్పుడు అచ్చును కూడా లాగేస్తాయి. పేజీ మూల మడిస్తే, ఆమ్లం ఎక్కువున్న పాత కాగితం ఆ మడత దగ్గరే విరిగి ఊడిపోతుంది. లోహపు క్లిప్పు తేమకు తుప్పు పట్టి మరక చేస్తుంది. పెన్ను సిరా పల్చటి కాగితం వెనక్కి దిగుతుంది. సొంత పుస్తకంలో గీయాలనే ఉంటే మెత్తటి పెన్సిల్‌తో అంచున చిన్న నిలువు గీత చాలు. వాక్యం కింద గీత గీస్తే మళ్లీ చదివేటప్పుడు కన్ను అక్కడికే పరుగెడుతుంది, పక్కనున్న మంచి వాక్యం కనపడకుండా పోతుంది.

తెర మీద చదివేవాళ్లకు ఇబ్బంది వేరే. నచ్చిన వాక్యాల మీద రంగు పూయడం వేలు కదిపినంత సులభం కావడంతో ఒక్క పుస్తకంలో 150 చోట్ల పూస్తారు. నెలాఖరున ఆ జాబితా తెరిస్తే అది మరో పుస్తకంలా ఉంటుంది, ఎవరూ చదవరు. అధ్యాయానికి రెండు అని హద్దు పెట్టుకుంటే జాబితా బతుకుతుంది. ఎంత చదివామో తెర చూపించే శాతం అంకెనూ నమ్మకూడదు. చివర నోట్సు, పదసూచిక, మరో పుస్తకం మచ్చుతునక కలిసి ఉంటే అసలు రచన 100కు చాలా ముందే ముగిసిపోతుంది. ఇంకా చాలా ఉందనుకుని నింపాదిగా వెళ్తున్న మనిషికి ముగింపు గోడలా ఎదురవుతుంది. విషయ సూచిక తెరిచి చివరి అధ్యాయం ఎక్కడుందో ముందే చూసుకోవాలి. వినే పుస్తకాలకైతే అధ్యాయం పేరు, నిమిషం రాసుకోవాలి. ధ్యాస తప్పినప్పుడు 30 సెకన్లు వెనక్కి వెళ్తే దొరికేది తక్కువ, ఎందుకంటే ధ్యాస తప్పిందని గమనించేసరికి మూడు నాలుగు నిమిషాలు గడిచే ఉంటాయి. అధ్యాయం మొదటికి వెళ్లడమే మంచిది.

ఇక నెల చివరి గంట. దీని క్రమం చాలా ముఖ్యం, క్రమం తప్పితే ఫలితం ఉండదు. మొదటి 15 నిమిషాలు పుస్తకాలు, చీటీలు, ఫోను ఏవీ చూడకూడదు. తెల్ల కాగితం మీద ఈ నెల ఏమేం చదివారో గుర్తున్నంత వరకు రాయాలి. ఒక్కో దాని పక్కన గుర్తున్న ఒక దృశ్యమో, మాటో, ఆలోచనో. కథ మొత్తం రాయనక్కరలేదు. పుస్తకాలు ముందు పెట్టుకుంటే ఇది కుదరదు. అట్ట కనపడగానే ‘ఆ, ఇది నాకు తెలుసు’ అనిపిస్తుంది. గుర్తుపట్టడం వేరు, గుర్తుచేసుకోవడం వేరు. మొదటిది రెండో దానిలా నటిస్తుంది.

గుర్తుచేసుకునే ఆ ప్రయత్నంలోనే మరో లాభం ఉంది. మరుపు ఎలా సాగుతుందో 1885లో హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే మనస్తత్వవేత్త తన మీదే ప్రయోగాలు చేసుకుని చూపించాడు. మొదట్లో వేగంగా, తర్వాత నెమ్మదిగా. 2006లో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వవేత్తలు చేసిన ప్రయోగంలో కొందరు విద్యార్థులు పాఠాన్ని మళ్లీ చదివారు, కొందరు చూడకుండా గుర్తుచేసుకుని రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత అడిగితే గుర్తుచేసుకుని రాసినవాళ్లది. నెలాఖరు కాగితం నెల ఎలా గడిచిందో చెప్పడంతో ఆగదు, గడిచిన నెలను ఇంకొంత కాలం నిలబెడుతుంది.

తర్వాత చీటీలు బయటికి తీసి కాగితంతో పక్కపక్కన పెట్టి చూడాలి. అసలు విషయం ఇక్కడ బయటపడుతుంది. చీటీ ఉండి కాగితం మీద లేని పుస్తకాలు ఒకటి రెండైనా ఉంటాయి. పూర్తి చేశారు, బాగుందని కూడా అన్నారు, మూడు వారాలకు పేరు కూడా తట్టలేదు. దీన్ని తప్పుగా తీసుకోవద్దు. నేర పరిశోధన నవల రెండు రాత్రులు కట్టిపడేసి మాయమైపోతే అది తన పని చేసినట్టే. కానీ వరసగా నాలుగు పుస్తకాలు అలాగే మాయమైతే, ఇష్టం కొద్దీ చదువుతున్నారా, చేతికి ఏదో ఒకటి ఉండాలని చదువుతున్నారా అని ఒకసారి చూసుకోవాలి. దీనికి అటువైపున, పూర్తి కాని పుస్తకం నుంచి మూడు దృశ్యాలు కాగితం మీదకు వచ్చి ఉంటాయి. సంఖ్య లెక్కలో దానికి చోటే లేదు. నా దృష్టిలో ఆ నెల చదివిన అసలు పుస్తకం అదే.

పుస్తకాలకు మార్కులుగా వేసే నక్షత్రాల సంగతి కూడా చెప్పాలి. పుస్తకం మూయగానే ఐదుకు ఎన్నో వేసేస్తారు. ఆ క్షణంలో మార్కు పడేది ముగింపుకు. అనుభవాలను వెనక్కి తిరిగి అంచనా వేసేటప్పుడు తీవ్రమైన క్షణం, చివరి క్షణం ఎక్కువ బరువు తూగుతాయని, ఎంతసేపు సాగిందన్నది పెద్దగా లెక్కకు రాదని ఫ్రెడ్రిక్సన్, కానెమన్ అనే మనస్తత్వవేత్తలు 1993లో చూపించారు. 300 పేజీలు హాయిగా సాగిన నవల చివరి 10 పేజీల్లో చతికిలబడితే మొత్తం నవలే బాగాలేదని తేల్చేస్తాం. చీటీ మీద మధ్యలో వేసుకున్న పేజీ సంఖ్యలు ఆ తీర్పుకు ఎదురు సాక్ష్యం. మార్కులు వేయాలనే ఉంటే రెండుసార్లు వేయండి, ముగించిన రోజు ఒకసారి, నెలాఖరున మొదటిది చూడకుండా ఇంకోసారి. విడివిడిగా ఆ రెండు అంకెలూ పెద్దగా ఏమీ చెప్పవు, చెప్పేది వాటి మధ్య తేడా. నాలుగు నుంచి రెండుకు పడినవి ఒక రకం, మూడు నుంచి ఐదుకు పెరిగినవి ఇంకో రకం. పెరిగిన వాటి రచయితలను వెతుక్కుంటూ పోవాలి.

ఎక్కువ సమయం పెట్టాల్సింది మాత్రం వదిలేసిన పుస్తకాల మీద. చాలామంది వీటిని జాబితాలోంచే తీసేస్తారు, సిగ్గుపడాల్సిన సంగతిలా. నెల మొత్తంలో ఎక్కువ చెప్పేవి ఇవే. డబ్బు పెట్టాం కాబట్టి కొనసాగించాలన్న పట్టుదల మనుషుల్లో ఎంత బలంగా ఉంటుందో ఆర్క్స్, బ్లూమర్ అనే మనస్తత్వవేత్తలు 1985లో నాటకాల సీజన్ టికెట్లతో చూపించారు. పూర్తి ధర పెట్టినవాళ్లు, తగ్గింపు ధరకు దొరికినవాళ్ల కంటే తర్వాతి నెలల్లో ఎక్కువ నాటకాలకు వెళ్లారు. పుస్తకంలో ధరతో పాటు చదివేసిన పేజీలు కూడా అలాంటి పెట్టుబడిలాగే కనిపిస్తాయి. 180 పేజీలు చదివాక ఎలా వదులుతాం అనుకుంటాం. ఆ 180 పేజీలు ఎలాగూ తిరిగి రావు. మిగిలిన 200 పేజీల సమయం ఇంకా చేతిలోనే ఉంది.

వారం రోజులు ముట్టుకోకపోతే ఆగిపోయినట్టే అనుకుని చీటీ మీద పేజీ సంఖ్య, తేదీ వేయండి. నెలాఖరున ఆగిన చోటు చూడండి, కారణం సగం అక్కడే దొరుకుతుంది. 30 పేజీల లోపు ఆగినవాటిలో ఎక్కువ భాగం పుస్తకం తప్పు కాదు. పేర్లు కుదురుకోలేదు, యాస చెవికి ఎక్కలేదు, రోజుకు రెండేసి పేజీలతో ప్రవేశించబోయారు. కొత్త పుస్తకానికి మొదటి విడత కనీసం 40 నిమిషాలు ఇవ్వాలి, అంత తీరిక లేని రోజు మొదలే పెట్టకూడదు. సగం దాటాక ఆగితే కారణం సాధారణంగా రచనలో ఉంటుంది. చెప్పిందే చెప్పడం, కథ కదలకపోవడం. దాన్ని నిస్సంకోచంగా వదిలేయొచ్చు. చివరి 50 పేజీల దగ్గర ఆగిందంటే విసుగు కాకపోవచ్చు. అయిపోతుందనే బెంగ కావచ్చు, ముగింపు ముందే అర్థమైపోయి ఉండొచ్చు. ఆ రెండింటిలో ఏదో మనసుకు తెలుస్తుంది.

పుస్తకంతో సంబంధం లేని కారణాలూ ఉంటాయి, వాటిని పట్టుకోకపోతే మంచి రచన మీద అన్యాయంగా ముద్ర పడుతుంది. అక్షరం చిన్నదైతే, ఒత్తులు సిరా నిండి ముద్దలైతే, కన్ను అలసి మెదడు దాన్ని విసుగుగా అర్థం చేసుకుంటుంది. ఇంకో ముద్రణ దొరికితే ఆ విసుగు పోతుంది. అనువాదం కుదరకపోతే సంభాషణ ఒకటి పైకి చదివి చూడండి. ఏ మనిషీ నోటితో అనని వాక్యాలు వరసగా మూడు తగిలితే మూల రచయిత మీద తీర్పు ఇవ్వడానికి ఆ ప్రతి పనికిరాదు. ఇంకొకటి, పడక మీద చదివిన బరువైన పుస్తకం. నిద్రమత్తులో రాత్రికి రెండు పేజీలు, మరునాడు అవే రెండు పేజీలు, పది రోజులకు కూడా ఒకే అధ్యాయం. పొద్దున పూట చదివితే అదే పుస్తకం రెండు రోజుల్లో పరుగెత్తుతుంది. పడక పుస్తకంగా చిన్న ప్రకరణాలున్నది, తెలిసిన రచయితది పెట్టుకోవాలి. వెలుగు చిమ్మే తెర మీద కాకుండా కాగితం మీద అయితే ఇంకా మంచిది. 2015లో 12 మందితో చేసిన అధ్యయనంలో, పడుకునే ముందు అలాంటి తెర మీద చదివిన రోజుల్లో వాళ్లకు నిద్ర పట్టడం ఆలస్యమైంది, నిద్రకు వేళైందని ఒంటికి చెప్పే మెలటోనిన్ అనే హార్మోను కూడా తగ్గింది.

చీటీ పైన రాసిన ‘ఎందుకు తీశాను’ అన్న మాట ఇప్పుడు చూడండి. వదిలేసిన వాటిలో ఎన్నింటి మీద ‘చదవకపోతే తప్పేమో’ అన్న అర్థం వచ్చే మాట ఉందో లెక్కపెట్టండి. నేను ఒప్పుకునే లెక్క ఇదొక్కటే.

కథల సంపుటాలకు, పద్యానికి వేరే పద్ధతి కావాలి. ఒకే రచయిత కథలు పది వరసగా చదివితే ఐదో దానికీ ఏడో దానికీ మధ్య గీత చెరిగిపోతుంది. ముందు నేర్చుకున్నది తర్వాత నేర్చుకున్నదాన్ని గుర్తుచేసుకోనివ్వకుండా అడ్డుపడుతుందని బెంటన్ అండర్‌వుడ్ అనే మనస్తత్వవేత్త 1957లోనే చూపించాడు. ఒకే పోలిక ఉన్నవాటి మధ్య ఆ అడ్డు మరీ ఎక్కువ. కూర్చున్నప్పుడు ఒక కథ, మహా అయితే రెండు. మిగిలిన సమయానికి పూర్తిగా వేరే రకం పుస్తకం. అలా సంపుటి మూడు నెలలు పట్టినా నష్టం లేదు. పద్యానికైతే పేజీ అన్న మాటకే అర్థం లేదు. ఒక్క సీస పద్యాన్ని పైకి చదివి, సమాసాలు విడదీసుకుని, అన్వయం కుదుర్చుకుని, మళ్లీ పైకి చదివేసరికి 20 నిమిషాలు గడుస్తాయి. మర్నాడు అదే పద్యం రెండు నిమిషాల్లో, అసలైన సొగసుతో వస్తుంది. చీటీ మీద పద్యం సంఖ్య, ఎన్నిసార్లు చదివారో గీతలు వేస్తే చాలు.

ఈ గంట చివర తీసుకోవాల్సిన నిర్ణయం ఒక్కటే, వచ్చే నెల మొదటి పుస్తకం. పది పుస్తకాల జాబితా వేయకండి. కొని, చదవకుండా పేర్చి పెట్టడానికి జపనీయులకు ‘సున్‌దొకు’ అని ఒక మాటే ఉంది. నెలవారీ జాబితా ఆ దొంతర ఎత్తును పెంచుతుంది. మొదటిది ఒకటి కుదిరితే రెండోదాన్ని అదే వెతికి పెడుతుంది. ఎంపికకు నేను పెట్టే వరస ఇది: ముందు, పూర్తి కాకపోయినా కాగితం మీద మూడు దృశ్యాలు మిగిల్చిన పుస్తకం. అది లేకపోతే మార్కు పెరిగిన రచయిత రాసిన ఇంకో పుస్తకం. అదీ దొరక్కపోతే, ఇంతకు ముందు చదివిన ఇష్టమైన పుస్తకం మళ్లీ.

ఆగిన పుస్తకాన్ని తిరిగి అందుకునేటప్పుడు మొదటి పేజీకి వెళ్లొద్దు. అలా వెళ్లినవాళ్లు మొదటి 60 పేజీలను మూడేసిసార్లు చదివి, 61వ పేజీని ఎప్పుడూ చూడరు. చీటీ వెనక ఉన్న పేర్లు ఒకసారి చదువుకుని, ఆగిన చోటుకు ఒక అధ్యాయం వెనక నుంచి మొదలుపెట్టండి. మొదటి ఐదు పేజీలు తడబాటుగా ఉన్నా ఆగొద్దు, మనుషులు ఒక్కొక్కరే తిరిగి వస్తారు. మళ్లీ చదువుతున్న పాత పుస్తకమైతే పాత చీటీని అందులోనే ఉంచి పక్కన కొత్తది పెట్టండి. పాతదాన్ని మాత్రం చివరి పేజీ అయ్యేదాకా చూడకండి. అప్పుడు 47వ పేజీ దగ్గర ఆగి ఆ సంఖ్య రాసుకున్న మనిషి ఇప్పుడు 112 దగ్గర ఆగి ఉంటే, ఆ రెండు పేజీలూ తెరిచి ఒకదాని తర్వాత ఒకటి చదవండి.